ఎప్పుడూ కోడ్ రాయని విస్‌కామ్, బయోటెక్ పిల్లలు మొదటి సెమిస్టర్ ప్రోగ్రామింగ్ ఎలా గట్టెక్కాలి?

అడిగిన ప్రశ్న ఇదీ: మాది ఒంగోలు. ఇంటర్ సీఈసీ చదివి ఈ ఏడాది చెన్నైలో విస్‌కామ్‌లో, అంటే విజువల్ కమ్యూనికేషన్‌లో చేరాను. నా రూమ్మేట్‌ది బీటెక్ బయోటెక్నాలజీ, తనదీ మొదటి సంవత్సరమే. ఇద్దరికీ ఈ సెమిస్టర్‌లో ప్రోగ్రామింగ్ పేపర్ ఉంది, నాకు కోడ్‌తో బొమ్మలు గీసే పీ5 జేఎస్, తనకి పైథాన్. క్లాసులో సగం మంది ప్లస్‌టూలోనే నేర్చుకుని వచ్చారు. నాలుగు వారాలకే మాకు టెన్షన్ పట్టుకుంది. లెక్కలు రాకపోతే ప్రోగ్రామింగ్ రాదా? కోచింగ్‌లో చేరాలా? లాప్‌టాప్ ఎలాంటిది కొనాలి?

అమ్మా, మా అమ్మాయి నీకంటే ఏడాది పెద్దది, అంతే, అందుకని నువ్వు అనే రాస్తున్నాను. నాది నెల్లూరు. 2004లో చెన్నై వచ్చాను, అప్పటినుంచీ ఇక్కడి కాలేజీల్లో మొదటి సెమిస్టర్ పిల్లలకి ప్రోగ్రామింగ్ చెప్పడమే నా పని. ఇంజనీరింగ్ వాళ్లకి చెప్పాను, బీఎస్సీ వాళ్లకి చెప్పాను, కొన్నేళ్లుగా డిజైన్, విస్‌కామ్ పిల్లలకి కూడా చెబుతున్నాను. ఏటా ఆగస్టు, సెప్టెంబర్‌లలో ల్యాబ్ అయిపోయాక ఎవరో ఒకరు బ్యాగు తగిలించుకుని నా టేబుల్ దగ్గర నిలబడి "మేడమ్, ఇది నా వల్ల అయ్యేలా లేదు" అంటారు. అందులో మన తెలుగు పిల్లలు చాలామంది. కాబట్టి నీ ప్రశ్న చదువుతుంటే నాకు నువ్వు ఎదురుగా నిలబడి అడిగినట్టే ఉంది.

మీ ఇద్దరికీ భాషలు వేరు, సబ్జెక్టులు వేరు, కానీ నేను చెప్పేది ఇద్దరికీ ఒకటే. ఒక నోటుబుక్ పెట్టుకోండి. ప్రోగ్రామ్ టైప్ చేశాక, రన్ నొక్కే ముందు, తెర మీద ఏం వస్తుందనుకుంటున్నారో అందులో రాయండి. అప్పుడు నొక్కండి. రాసిందీ వచ్చిందీ ఒకటే అయితే ముందుకు పొండి. తేడా వస్తే అక్కడే ఆగండి, ఆ తేడా ఎందుకు వచ్చిందో దొరికేదాకా ఇంకో ప్రోగ్రామ్ జోలికి పోకండి. ఇరవై ఏళ్లలో నేను చూసినంతలో ఈ అలవాటు పట్టుబడిన పిల్లలు దాదాపు అందరూ ఒడ్డున పడ్డారు, లెక్కల్లో వీక్ అయినవాళ్లతో సహా.

ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, ల్యాబ్‌లో రోజూ కనపడేది దీనికి సరిగ్గా ఉల్టా. పిల్ల టైప్ చేస్తుంది, ఎఫ్5 నొక్కుతుంది, ఎర్ర అక్షరాలు వస్తాయి, ఒక బ్రాకెట్ పెడుతుంది, మళ్లీ నొక్కుతుంది, ఆ బ్రాకెట్ తీసేస్తుంది, మళ్లీ నొక్కుతుంది. పదోసారికి ఏదో ఒకటి పనిచేస్తుంది. ఎందుకు పనిచేసిందో తనకి తెలియదు, వెంటనే రికార్డ్‌లోకి ఎక్కించేస్తుంది. ఎక్స్‌టర్నల్‌కి వచ్చినాయన ఒక్క అంకె మార్చి "ఇప్పుడు ఏం వస్తుందమ్మా?" అని అడిగితే నోరు పెగలదు. 1998లో నెల్లూరులో నేను ఒక కంప్యూటర్ సెంటర్‌లో చేరాను, మా నాన్న అప్పు చేసి ఫీజు కట్టారు. మూడు నెలల్లో నాలుగు భాషలు నేర్పుతామన్నారు. జిరాక్స్ కాగితాలు ఇచ్చి వాటిలో ఉన్నది ఉన్నట్టు టైప్ చేయించారు, మేమూ చేశాం, అన్నీ నడిచాయి, సర్టిఫికెట్ కూడా ఇచ్చారు. బయటికి వచ్చాక పది అంకెల సగటు కట్టే ప్రోగ్రామ్ కూడా సొంతంగా రాయలేకపోయాను. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది, పిల్లలకి మొదటి రోజు నుంచీ కాగితం మీద రాయించడం మొదలుపెట్టింది కూడా అందుకే.

ముందు మీ రూమ్మేట్ సంగతి తీసుకుందాం. అన్నా యూనివర్సిటీ 2021 సిలబస్ ప్రకారం దాని కింద ఉన్న కాలేజీల్లో ఏ బ్రాంచి అయినా మొదటి సెమిస్టర్‌లో "ప్రాబ్లమ్ సాల్వింగ్ అండ్ పైథాన్ ప్రోగ్రామింగ్" అనే పేపర్ చదవాల్సి ఉండేది, వేరే సిలబస్, వేరే యూనివర్సిటీ అయినా పైథాన్ పేపర్‌లో అటూ ఇటూగా ఇదే ఉంటుంది. ఆ సిలబస్ మొదటి యూనిట్‌లోనే ఒక లెక్క ఉంది, జాబితాలో అన్నిటికంటే చిన్న అంకె కనుక్కోవడం. చూడ్డానికి చిన్నపిల్లల లెక్క, 14, 9, 22, 7, 31 అని ఇస్తే నువ్వు చూపుతోనే 7 అని చెప్పేస్తావు. చిక్కంతా అక్కడే ఉంది, నీ కన్ను ఐదింటినీ ఒకేసారి చూస్తుంది, మెషీన్‌కి ఒకసారి ఒక్కటే కనపడుతుంది. అందుకని నోటుబుక్‌లో రెండు గడులు గీయండి, ఒకదాని మీద "ఇప్పుడు చూస్తున్నది", రెండోదాని మీద "ఇప్పటిదాకా చిన్నది". మొదట 14 చూశాం, ఇప్పటిదాకా చిన్నదీ 14. తర్వాత 9, ఇది 14 కంటే తక్కువ కాబట్టి రెండో గడిలో 14 కొట్టేసి 9 రాయాలి. 22 వచ్చింది, మార్పు లేదు. 7 వచ్చింది, 9 కొట్టేసి 7. 31, మార్పు లేదు. జాబితా అయిపోయింది, గడిలో మిగిలింది 7. ఈ కొట్టివేతలు ఎలా జరిగాయో వరుసగా చెప్పగలిగితే ప్రోగ్రామ్ రాసేసినట్టే, ఇంక దాన్ని పైథాన్‌లోకి మార్చడం ఐదు లైన్ల పని.

ఇక్కడే ఏటా పదిమంది ఒకే తప్పు చేస్తారు. "చిన్నది" అనే గడిని మొదట 0తో నింపుతారు, ఎందుకంటే కూడికల ప్రోగ్రామ్‌లో అలాగే చేశారు కాబట్టి. రన్ చేస్తే జవాబు 0 వస్తుంది. జాబితాలో లేని అంకె జవాబుగా ఎలా వచ్చిందని అరగంట తల పట్టుకుంటారు. కాగితం మీద రెండు గడులతో నడిపిస్తే రెండో లైన్‌కే తెలిసిపోతుంది, 14 కానీ 9 కానీ 7 కానీ ఏదీ 0 కంటే తక్కువ కాదు కదా, ఇంక ఆ గడి మారేది ఎప్పుడు? ఒక్కసారి ఇలా సొంతంగా తప్పు పట్టుకున్న పిల్ల ముఖం చూడాలి. ఆ తర్వాత ఆ అమ్మాయికి నేను ధైర్యం చెప్పాల్సిన అవసరం ఉండదు.

ఇప్పుడు లెక్కల ప్రశ్న. మొదటి సెమిస్టర్‌కి కావాల్సిన లెక్కలు టెన్త్ లోపువే: కూడికలు, భాగిస్తే వచ్చే శేషం, శాతం, సగటు. ఇబ్బంది పెట్టేది లెక్కలు రాకపోవడం కంటే లెక్కల్లో చూసిన గుర్తుకి ఇక్కడ వేరే అర్థం ఉండటం. "ఎక్స్ = ఎక్స్ + 1" అని బోర్డు మీద రాస్తే లెక్కల్లో బాగా చదివే పిల్లలే ముందు లేచి "అదెలా కుదురుతుంది మేడమ్" అంటారు. వాళ్లు అడిగేది న్యాయమే, సమీకరణంగా చూస్తే అది తప్పే. ప్రోగ్రామ్‌లో ఆ గుర్తు సమానం అని చెప్పదు, కుడివైపు లెక్క ముందు చెయ్యి, వచ్చిన విలువని ఎడమవైపు పేరులో పెట్టు అని చెబుతుంది. ఎక్స్‌లో 5 ఉంటే కుడివైపు 6 అవుతుంది, పాత 5 పోయి 6 వచ్చి కూర్చుంటుంది. ఈ ఒక్క ముక్క అర్థం కాక నెలల తరబడి బట్టీ పట్టిన వాళ్లని చూశాను. పైథాన్‌లో ఇలాంటిదే ఇంకోటుంది. యూజర్ చేత టైప్ చేయించుకున్నది ఏదైనా అంకెలా కనపడినా అక్షరాల కిందే లెక్క, అందుకే 5కి 5 కలిపితే 55 అని వస్తుంది. దాన్ని ఇంటిజర్‌గా, అంటే పూర్ణాంకంగా మార్చుకుని అప్పుడు కలపాలి.

అదే మొదటి యూనిట్‌లో 1 నుంచి 100 లోపు ఒక అంకె అనుకుని ఎదుటివాళ్లని ఊహించమనే ఆట కూడా ఉంది. ఈ రాత్రి హాస్టల్‌లో మీ ఇద్దరూ ఆడి చూడండి. ఎక్కువా తక్కువా అని మాత్రమే చెప్పాలి. ప్రతిసారీ మిగిలినదాన్ని సగానికి కొట్టుకుంటూ పోతే ఏ అంకె అనుకున్నా 7 ప్రయత్నాల్లో దొరికి తీరుతుంది, ఎందుకంటే 2ని ఏడుసార్లు గుణిస్తే 128, అది 100 కంటే ఎక్కువ. ముందు ఆడి, తర్వాత నువ్వు ఏం చేశావో తనకి తెలుగులోనే వరుసగా చెప్పు. "మధ్య అంకె అడిగాను, నువ్వు అనుకున్నది దానికంటే ఎక్కువన్నావు, కాబట్టి కింద సగం వదిలేశాను." ఆ మాటలే ప్రోగ్రామ్. ఇంగ్లిష్‌లో ఆలోచించాలన్న రూలేం లేదు, తెలుగులో తడుముకోకుండా చెప్పగలిగిన పిల్లలు కోడ్ కూడా తడుముకోకుండా రాస్తారు. ప్రోగ్రామ్‌లో వాడే ఇంగ్లిష్ మాటలు మొదటి సెమిస్టర్ మొత్తానికి ముప్పై, నలభై మించి ఉండవు.

నీ సంగతికి వస్తాను. పీ5 జేఎస్ పెట్టారంటే మీ డిపార్ట్‌మెంట్ వాళ్లు బాగా ఆలోచించి పెట్టారు. దానికి ముందు ప్రాసెసింగ్ అని ఒకటుంది, 2001లో ఎంఐటీ మీడియా ల్యాబ్‌లో కేసీ రియాస్, బెన్ ఫ్రై అనే ఇద్దరు బొమ్మలు గీసేవాళ్ల కోసమే మొదలుపెట్టారు. దాన్ని బ్రౌజర్‌లో నడిచేలా 2013లో లారెన్ మెకార్తీ తయారు చేసిందే పీ5 జేఎస్. అంటే మొదటినుంచీ అది నీలాంటి వాళ్ల కోసమే ఉంది, ఇంజనీర్ల వస్తువు అరువు తెచ్చి మీకు ఇచ్చింది కాదు.

నువ్వు ఒంగోలు అమ్మాయివి, సంక్రాంతికి ముగ్గులు వేసే ఉంటావు. "ఏడు చుక్కలు, నాలుగు వరకు, సందు చుక్క" అంటే ఏమిటో నీకు చెప్పక్కర్లేదు. లూప్ అంటే ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే లైన్లు, నా ల్యాబ్‌లో లూప్ లోపల లూప్ నేర్పేది దీంతోనే. తెర 400కి 400, చుక్కకీ చుక్కకీ మధ్య 50. ముందు ఎదురు చుక్కలు పెట్టు, ఏడు వరుసలు, వరుసకి ఏడు. బయటి లూప్ వరుసని లెక్కపెడుతుంది, లోపలి లూప్ ఆ వరుసలో చుక్కల్ని పెడుతుంది, 50 దగ్గర మొదలై 350 దగ్గర ఆగుతుంది, మొత్తం 49 చుక్కలు. రన్ నొక్కే ముందు కాగితం మీద మొదటి వరుస చుక్కలు ఏ ఏ స్థానాల్లో పడతాయో రాసి చూసుకో. తెర మీద పైనుంచి కిందకి వచ్చేకొద్దీ వై విలువ పెరుగుతుంది, స్కూల్లో గ్రాఫ్ పేపర్ మీద నేర్చుకున్నదానికి ఇది తలకిందులు, చాలామంది అక్కడ తికమకపడతారు.

తర్వాత సందు చుక్క. నడిమి వరుసలో ఏడు, దానికి పైనా కిందా ఆరేసి, తర్వాత ఐదేసి, చివర నాలుగేసి, మొత్తం 37. రెండేళ్ల కిందట ఒక అమ్మాయి లెక్క సరిగ్గానే రాసింది, వరుసకి ఎన్ని చుక్కలో అన్నే వచ్చాయి, కానీ అన్ని వరుసలూ ఎడమ పక్క ఒకే గీత మీద మొదలయ్యాయి. ముగ్గు కుడివైపు మాత్రం పొడుచుకొచ్చింది. చాలాసేపు తెర వంక చూసి, ఒక్కో చుక్క మీదా వేలు పెట్టి జరుపుతూ, "మా అమ్మమ్మ అయితే నడిమి వరుస ముందు పెట్టి, అక్కడినుంచి పైకీ కిందకీ వెళ్తుంది మేడమ్" అంది. నేనేమీ చెప్పలేదు, కాగితం ఇచ్చాను. వరుసలకి 0 నుంచి 6 దాకా నంబర్లు వేసుకుంది, నడిమిది 3. ప్రతి వరుసా 3 నుంచి ఎంత దూరమో పక్కన రాసింది, 3, 2, 1, 0, 1, 2, 3. ఎంత దూరమో అన్ని చుక్కలు తగ్గుతాయి, ఎంత దూరమో అన్ని సగం సందులు పక్కకి జరగాలి. అంటే మొదటి వరుసలో ఏడులో మూడు పోగా నాలుగు చుక్కలు, 50కి మూడు 25లు కలిపి 125 దగ్గర మొదలు. తెర మీద ముగ్గు చక్కగా నడిమికి వచ్చి కూర్చుంది. ఆ అమ్మాయి కూడా ఇంటర్‌లో లెక్కలు చదవలేదు.

ఇక్కడ ఇంకో మాట చెప్పాలి, చెన్నైలో ఉన్నవాళ్లకి ఇది తెలియాలి. ముగ్గుని, ఇక్కడివాళ్లు కోలం అంటారు, కంప్యూటర్ సైన్స్‌లోకి తీసుకెళ్లింది మన తాంబరంలో ఉన్న మద్రాస్ క్రిస్టియన్ కాలేజీ వాళ్లే. గిఫ్ట్ సిరోమనీ, రాణీ సిరోమనీ, కమలా కృతివాసన్ కలిసి 1974లో కోలాల మీద ఒక పరిశోధన పత్రం రాశారు, ముగ్గుల్లో ఒకే ఆకారం ఏ నియమం ప్రకారం పెరుగుతూ పోతుందో వ్యాకరణంలా రాసి చూపించారు. గడప ముందు ముగ్గు వేసే మన ఆడవాళ్ల చేతిలో ఉన్నది నిజంగానే అల్గారిథం అని యాభై ఏళ్ల కిందటే ఈ ఊళ్లో తేల్చారు. నాకైతే ఆ సంగతి తెలిసినప్పుడు ఒళ్లు పులకరించింది.

చుక్కలయ్యాక నీకు ఎదురయ్యే తిప్పలు ఒకటి రెండు ముందే చెబుతాను. పీ5 ప్రోగ్రామ్‌లో సెటప్, డ్రా అని రెండు భాగాలుంటాయి, సెటప్ ఒక్కసారే నడుస్తుంది, డ్రా సెకనుకి 60 సార్లు నడుస్తుంది. చుక్కలకి ఇష్టం వచ్చిన రంగులు రావాలని డ్రా లోపల ర్యాండమ్ పెడితే తెరంతా సీరియల్ లైట్లలా మిణుకుమంటుంది, ఎందుకంటే రంగు సెకనుకి 60 సార్లు మారుతోంది. బంతిని కదిలిస్తే వెనకాల తోకలా మరక మిగిలిపోతుంటే తెరని తుడిచి రంగు పూసే బ్యాక్‌గ్రౌండ్ లైన్ సెటప్‌లో ఉండిపోయిందని అర్థం, దాన్ని డ్రాలోకి తీసుకురా. మా దగ్గర సంగీతం చదివే అమ్మాయి ఒకతె ఉండేది, తనకి బొమ్మల మీద ఆసక్తి లేదు, కోడ్ రాసి సంగీతం వాయించే సోనిక్ పై అని శామ్ ఆరన్ తయారు చేసినది ఇచ్చాను. అందులో 60 అంటే పియానో మీద మధ్య సీ స్వరం, దాన్ని షడ్జమం అనుకుంటే మాయామాళవగౌళ 60, 61, 64, 65, 67, 68, 71, 72. వారంలో సరళీ వరసలు లూప్‌లో వాయించింది, రెండో కాలం, మూడో కాలం కూడా మధ్యలో ఆగే సమయాన్ని సగం చేసుకుంటూ పోయి రాసేసింది. తను రోజూ పాడే పాఠం కాబట్టి తప్పు వస్తే చెవికే తెలిసిపోయేది, నేను చూసి చెప్పాల్సిన పని పడలేదు.

మీ రూమ్మేట్‌కి కూడా ఇదే మందు. తన పుస్తకంలో ఉన్న డీఎన్‌ఏతోనే పని చేయమను. ఏ, టీ, జీ, సీ అనే నాలుగు అక్షరాల వరుస, అది పైథాన్‌కి అచ్చంగా ఒక స్ట్రింగ్, అంటే అక్షరాల దండ. అందులో జీలు, సీలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి మొత్తం పొడవుతో భాగించి శాతం కట్టమను, దాన్నే జీసీ కంటెంట్ అంటారు. ఏటీజీసీజీసీటీఏ అని ఎనిమిది అక్షరాలుంటే రెండు జీలు, రెండు సీలు, 50 శాతం. ఇది కాగితం మీద చేశాక డీఎన్‌ఏ వరుసల్ని దాచే నిజమైన ఫాస్టా ఫైల్ తెరిచి చేయమను, అప్పుడు తమాషా మొదలవుతుంది. ఆ ఫైల్‌లో మొదటి లైన్ బాణం మొనలాంటి ">" గుర్తుతో మొదలయ్యే పేరు, అది డీఎన్‌ఏ కాదు. దాన్ని కూడా కలిపి లెక్కపెడితే పేరులో ఉన్న జీలు, సీలు కూడా కలిసిపోతాయి. ప్రతి లైన్ చివరా కంటికి కనపడని కొత్త లైన్ గుర్తు ఉంటుంది, దాన్ని తీయకపోతే పొడవు ఎక్కువై శాతం తగ్గుతుంది. కొన్ని ఫైళ్లలో చిన్న అక్షరాలుంటాయి, పెద్ద జీని లెక్కపెట్టమంటే చిన్న జీని వదిలేస్తుంది. ఎర్రర్ ఒక్కటీ రాదు, జవాబు మాత్రం తప్పు. ఎర్రర్ రాని తప్పుని పట్టుకోవాలంటే ముందే కాగితం మీద చిన్న ఉదాహరణకి జవాబు రాసుకుని ఉండటం తప్ప ఇంకో దారి లేదు. రోజాలిండ్ అని ఒక వెబ్‌సైట్ ఉంది, రోజాలిండ్ ఫ్రాంక్లిన్ పేరు మీద పెట్టారు, ఉచితం, మొదటి లెక్కే డీఎన్‌ఏ అక్షరాలు లెక్కపెట్టడం. వారానికి ఒక్కటి చేసినా చాలు.

బయాలజీ వాళ్లకి ఇదంతా ఎందుకని తను అడిగితే ఈ సంగతి చెప్పు. మార్చ్1, సెప్ట్1 అని జన్యువులకి పేర్లుండేవి. ఎక్సెల్‌లో టైప్ చేస్తే అది వాటిని మార్చి 1, సెప్టెంబర్ 1 అనుకుని తేదీలుగా మార్చేసేది, అలా పాడైన పట్టికలు అచ్చయిన పరిశోధన పత్రాల్లోకి కూడా వెళ్లిపోయాయి. చివరికి 2020లో జన్యువుల పేర్లు పెట్టే కమిటీనే ఆ పేర్లు మార్చాల్సి వచ్చింది. సాఫ్ట్‌వేర్ చేతిలో పెట్టిన డేటా లోపల ఏమవుతుందో తెలుసుకోవడం బయాలజీ చదివేవాళ్ల పనే.

క్లాసులో సగం మందికి ముందే వచ్చు అన్నావు కదా, నీ భయంలో ఎక్కువ భాగం అదేనని నాకు అనిపిస్తోంది. తమిళనాడు ప్లస్‌టూలో కంప్యూటర్ సైన్స్ గ్రూపు ఉంది, వాళ్లు రెండేళ్లు చదివి వచ్చారు, నువ్వు నాలుగు వారాలు. వాళ్లు చెయ్యెత్తి జవాబు చెబుతుంటే అది తెలివి అనుకుని కుంగిపోకు, అది రెండేళ్ల అలవాటు. ఇది ఇక్కడొక్కచోట ఉన్న సమస్య కూడా కాదు. అమెరికాలో హార్వీ మడ్ కాలేజీ వాళ్లు 2006లో మొదటి కోర్సునే విడదీశారు, ముందు అనుభవం ఉన్నవాళ్లకి ఒక క్లాసు, లేనివాళ్లకి ఒక క్లాసు, తర్వాత బయాలజీ ఉదాహరణలతో ఇంకోటి పెట్టారు. అంతకుముందు కంప్యూటర్ సైన్స్ తీసుకునేవాళ్లలో 10 శాతం దగ్గర ఉన్న అమ్మాయిలు కొన్నేళ్లలోనే 40 శాతం దగ్గరికి చేరారు. జార్జియా టెక్‌లో 1999 నుంచి అన్ని బ్రాంచీల వాళ్లకీ ప్రోగ్రామింగ్ తప్పనిసరి చేస్తే ఆర్ట్స్, ఆర్కిటెక్చర్, మేనేజ్‌మెంట్ పిల్లల్లో సగం మంది కూడా గట్టెక్కలేకపోయారు. అప్పుడు మార్క్ గజ్డియాల్ అనే ప్రొఫెసర్ 2003లో వాళ్లకోసం ఫొటోలు, శబ్దాలతో కోర్సు మార్చారు. ఫొటోని నెగెటివ్ చేయడం అంటే ఒక్కో పిక్సెల్ రంగు విలువని 255 లోంచి తీసేయడం, లూప్ నేర్చుకోవడానికి అదే లెక్క. గట్టెక్కేవాళ్లు 85 శాతం దగ్గరికి వచ్చారు. మీ కాలేజీలో క్లాసు విడదీయరు, అది నీ చేతుల్లో లేదు. కానీ మీ లెక్చరర్‌ని అడుగు, ఏమీ తెలియనివాళ్లం పదిమంది ఉన్నాం, వారానికి ఒక గంట విడిగా చెబుతారా అని. పదిమంది కలిసి అడిగితే కాదనేవాళ్లు తక్కువ.

ఎర్రర్ మెసేజ్ వస్తే భయపడి మూసేయకండి. పైథాన్‌లో చివరి లైన్ ముందు చదవాలి, అసలు సంగతి అక్కడే ఉంటుంది, దాని పైన ఏ లైన్‌లో ఆగిందో నంబర్ ఉంటుంది. నేమ్ ఎర్రర్ అంటే చాలాసార్లు స్పెల్లింగ్ తప్పు. ఇండెంటేషన్ ఎర్రర్ అంటే లైన్ ముందు ఖాళీ సరిగ్గా లేదు. నోటుబుక్ చివరి పేజీల్లో ప్రతి కొత్త ఎర్రర్‌నీ, అది ఎందుకు వచ్చిందో ఒక్క లైన్‌లో తెలుగులో రాసుకోండి. సెమిస్టర్ చివరికి ఇరవై కూడా దాటవు.

చాట్‌జీపీటీ సంగతి కూడా చెప్పాలి, 2022 నవంబర్‌లో అది వచ్చాక ల్యాబ్ వాతావరణమే మారిపోయింది. వాడొద్దని నేను అనను, నేనూ వాడతాను. ఈ మొదటి సెమిస్టర్‌లో మాత్రం దాని చేత ప్రోగ్రామ్ రాయించుకోకు. నువ్వు రాసింది చూపించి "ఇక్కడ నేను 37 అనుకున్నాను, 49 వచ్చింది, ఎందుకు?" అని అడుగు. అలా అడగాలంటే నువ్వు ముందే ఏదో ఒకటి అనుకుని ఉండాలి కదా. ఏమీ అనుకోకుండా అడిగేవాళ్లకి అది ఇచ్చేది నాకు 1998లో ఇచ్చిన జిరాక్స్ కాగితాలే, కాస్త కొత్త ముద్రణ.

కోచింగ్ వద్దు. ముప్పై, నలభై వేలు పోసి చేరిన పిల్లల్ని చూశాను, సిలబస్‌తో సంబంధం లేని పెద్ద పెద్ద పేర్లు చెబుతారు, లూప్ దగ్గరే ఆగిపోయిన పిల్లకి అవి ఇంకా భయం పెడతాయి. ఐఐటీ వాళ్ల ఆన్‌లైన్ పాఠాలుండే ఎన్‌పీటీఈఎల్‌లో ఐఐటీ రోపర్ సుదర్శన్ అయ్యంగార్ గారి "జాయ్ ఆఫ్ కంప్యూటింగ్ యూజింగ్ పైథాన్" ఏమీ తెలియనివాళ్ల కోసమే చేసింది, పాఠాలు చూడ్డానికి పైసా కట్టక్కర్లేదు. అది అయ్యాక మీ రూమ్మేట్‌కి ఇంకా ఆసక్తి ఉంటే చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్ మాధవన్ ముకుంద్ గారి పైథాన్ కోర్సు అక్కడే ఉంది, కానీ అది రెండో మెట్టు, ఇప్పుడే తెరవొద్దు. నీకు పీ5 నేర్పే డేనియల్ షిఫ్‌మన్ యూట్యూబ్ పాఠాలు చాలు. వీడియో చూస్తూ కూర్చోవడం మాత్రం చదువు కిందకి రాదు, ఐదు నిమిషాలు చూసి, ఆపి, ఆయన తర్వాత ఏం రాస్తారో నోటుబుక్‌లో రాసి, అప్పుడు మళ్లీ ప్లే చెయ్యి.

లాప్‌టాప్ గురించి ఎక్కువ ఖర్చు పెట్టకండి. పీ5 ఎడిటర్ బ్రౌజర్‌లోనే నడుస్తుంది, పైథాన్‌కి గూగుల్ కొలాబ్ ఉంది, అదీ బ్రౌజర్‌లోనే. 8 జీబీ ర్యామ్ ఉన్న మామూలు లాప్‌టాప్ ఈ సెమిస్టర్‌కి సరిపోతుంది. నీకు తర్వాత వీడియో ఎడిటింగ్ వస్తుంది, అప్పుడు పెద్దది కావాలి, కాబట్టి ఇప్పుడే కొనేయకుండా రెండో ఏడాది దాకా ఆగగలిగితే ఆగు, కాలేజీ ల్యాబ్ వాడుకో. సెకండ్ హ్యాండ్ కావాలంటే మౌంట్ రోడ్ పక్కన రిచీ స్ట్రీట్ ఉంది, తెలిసినవాళ్లని తోడు తీసుకుని వెళ్లు, అక్కడే ఆన్ చేసి కీబోర్డ్‌లో ప్రతి కీ నొక్కి చూడు, బ్రాకెట్లు, కోలన్, కొటేషన్ గుర్తులతో సహా, ఛార్జర్ తీసేసి బ్యాటరీ ఎంతసేపు నిలుస్తుందో కూడా చూడు. ఫోన్‌లో మాత్రం నేర్చుకోవద్దు, లైన్ల ముందు ఖాళీలు సరిగ్గా కనపడక సగం ప్రాణం పోతుంది. హాస్టల్‌లో గోలగా ఉంటే ఆదివారం కొట్టూర్‌పురం అన్నా సెంటినరీ లైబ్రరీకి వెళ్లి కూర్చోండి, ఇద్దరికీ ఒక నోటుబుక్ చాలు, ఒకరి ప్రోగ్రామ్‌కి జవాబు ఇంకొకరు రాయండి.

నీ సందు చుక్క ముగ్గు ఎక్కడ ఆగిందో, మీ ఇద్దరి సిలబస్‌లో ఏ యూనిట్ నడుస్తోందో ఇక్కడే కింద రాయి. వీలైతే నువ్వు కాగితం మీద రాసుకున్న పేజీ ఫొటో తీసి పెట్టు. శనివారం నాకు ల్యాబ్ ఉండదు, కూర్చుని చూసి చెబుతాను.